ఏ పరుపు కొన్నావని అడిగిన వాళ్లకు

పోయిన వారం మా బడిలో కొత్తగా చేరిన టీచరు ఫోన్ చేసింది. "అక్కా, మీరు నడుము నొప్పికి ఏ పరుపు కొన్నరు? కంపెనీ పేరు చెప్పున్రి, మా అమ్మకు తీసుకోవాలె" అని అడిగింది. పేరు చెప్పేస్తే అర నిమిషంలో అయిపోయేది. కానీ తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేసి, వంటింటి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇప్పుడు నడుస్తున్నాను, బడికి పోతున్నాను, స్కూటీ కూడా నడుపుతున్నాను. అయినా ఆ మాట అడిగేసరికి ఐదు నెలల భయం ఒక్కసారిగా తిరిగొచ్చింది.

ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. చదివాక పరుపు పేరు అక్కర్లేదని ఆమెకే తెలుస్తుంది.

నా పేరు రూతు. మేం బోధన్‌లో ఉంటాం. అక్కడికి కొంత దూరంలో, నిజాంసాగర్ కాలువ పక్కనున్న పల్లెలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్తాను. మా ఆయన ప్రభుదాసు కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మా అత్తమ్మ సంతోషమ్మ మాతోనే ఉంటుంది. చాట ఒళ్లో పెట్టుకుని రోజంతా బీడీలు చుడుతుంది. మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

ఆగస్టు

నడుము నొప్పి నాకు కొత్త కాదు. కాలువ రోడ్డు గుంతల్లో స్కూటీ మీద ఎగిరెగిరి పడటం, తరగతిలో చిన్న బల్లల మధ్య వంగి నోటుబుక్కులు దిద్దటం, ఇంటికొచ్చి వంటకు నిలబడటం. నొస్తే మందు రాసుకుని పడుకునేదాన్ని. నలభై దాటిన ఆడదానికి ఇంతేలే అనుకున్నాను.

ఆ రోజు తెల్లవారుజామున వాన పడి వెలిసింది. స్కూటీ నిలిపి బడి ఆవరణ దాటి వరండా మెట్ల దాకా నడిచాను. వెనక నుంచి విజయ టీచర్ నవ్వుతూ పిలిచింది.

"రూతూ, చెప్పు ఇడిసిపెట్టి పోతున్నవేంది?"

తిరిగి చూశాను. పది అడుగుల వెనక బురదలో నా కుడి కాలి చెప్పు పడి ఉంది. కాలి వంక చూసుకుంటే మడమ దాకా మట్టి. తడి మట్టి చల్లగా తగలాలి కదా. తగల్లేదు. చెప్పు జారిన సంగతే నాకు తెలియలేదు. నేనూ నవ్వి, వెనక్కి వెళ్లి దాన్ని తొడుక్కున్నాను.

తరగతిలో పిల్లలకు రాసే పని ఇచ్చి, బల్ల కింద రెండు పాదాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఎడమ బొటనవేలును పైకి లేవమంటే చక్కగా లేచింది. కుడిది కొంచెం కదిలి పడిపోయింది. మళ్లీ చూశాను. మళ్లీ పడిపోయింది. గంట కొట్టేదాకా అదే పని. పిల్లలు ఏం రాశారో చూడనే లేదు.

నాకప్పుడు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. బాల్కొండలో ఉండేది. బండి మీద నుంచి పడి వెన్ను దెబ్బతిని, ఆరేళ్లు మంచంలోనే ఉండి చనిపోయింది. పండక్కి వెళ్తే ఆ గదిలోకి పోవాలంటే నాకు భయంగా ఉండేది. ఆమె పక్క మీద వేసిన రబ్బరు షీటు వాసన, ఆమెను పక్కకు తిప్పేటప్పుడు మా అక్క ముఖం తిప్పుకోవడం. ఆ రోజు స్కూటీ మీద ఇంటికొస్తూ దారంతా ఆ వాసనే.

సాయంత్రం ప్రభుదాసు వచ్చాక చెప్పాను. అతను కింద కూర్చుని నా కుడి పాదం చేతిలోకి తీసుకుని, "లేపు" అన్నాడు. ఎంత బలంగా లేపాలని చూసినా, అతని ఒక్క వేలి కింద నా బొటనవేలు అణిగిపోయింది.

"పొద్దుగాలనే నిజామాబాద్ పోదాం" అన్నాడు. అన్నం తినకుండా లేచాడు.

నిజామాబాద్, డాక్టరు గది బయట

ఆసుపత్రి హాల్లో ఇనుప కుర్చీలు. కూర్చుంటే తుంటి నుంచి పిక్క దాకా కరెంటు పాకినట్టు ఉంది. నిలబడితే కాలు తేలిపోతోంది. గోడకు ఆనుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. మా పేరు పిలవడానికి చాలా సేపు పట్టింది. ప్రభుదాసు ప్రతి పది నిమిషాలకూ లేచి వెళ్లి చీటీలు రాసే అమ్మాయిని అడిగి వచ్చేవాడు.

పక్కన ఒక పెద్దావిడ ఉంది. కచ్చ పోసి కట్టిన చీర. ధర్మాబాద్ వైపు నుంచి భర్తను తీసుకొచ్చిందట. ఆయన లోపల ఉన్నాడు. నన్ను కాసేపు చూసి, తన ఒళ్లోని బట్టల మూట విప్పి, దుప్పటి ఒకటి తీసి గట్టిగా చుట్టింది. "బైస్ బాయీ, గిట్ల కూసో" అని నన్ను కుర్చీలో పక్కకు ఒరిగేలా కూర్చోబెట్టి, ఆ చుట్టను నా నడుము వెనక దోపింది. అరగంట ప్రాణం కాస్త నిలిచింది. ఆమె భర్తకు ఏమైందో నేను అడగలేదు. నా భయంలో నాకా మాట తట్టలేదు. ఈ రోజుకీ ఆ సంగతి గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

స్కాన్ చూసి డాక్టరు చెప్పిన దాంట్లో నాకు అర్థమైంది ఇంతే. వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు లాంటిది బయటికి తోసుకొచ్చి కాలి నరాన్ని నొక్కుతోంది.

"వేలికి బలం తగ్గింది, పూర్తిగా పోలేదు" అన్నాడాయన. "ఆరు వారాలు చూద్దాం అమ్మా. చాలా మందికి కోత లేకుండానే తగ్గుతుంది. కానీ ఒక్క మాట బాగా గుర్తు పెట్టుకోండి. మూత్రం రాకపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, రెండు కాళ్లూ బరువెక్కినా ఒక్క గంట కూడా ఆగొద్దు. వెంటనే వచ్చేయండి."

"వస్తే ఏమవుతుంది సార్?" అని అడిగాను.

"వెంటనే వస్తే కాపాడుకోవచ్చు" అన్నాడు.

వెంటనే రాకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ రోజు నుంచి ప్రతి పొద్దూ కళ్లు తెరవగానే నేను చేసే మొదటి పని, దుప్పటి కింద తొడ గిల్లుకుని చూసుకోవడం.

నేల మీద

ఇంట్లో మొదలైన గొడవ మందుల గురించి కాదు, పడక గురించి.

మాది పెళ్లినాటి మంచం. దాని మీద పాత దూది పరుపు. నడుమ గొయ్యిలా దిగిపోయి, అంచులు గట్టిపడి ఉండేది. అత్తమ్మ మొదటి రోజే తీర్పు చెప్పేసింది.

"మంచాల మీద, పరుపుల మీద పండుకోబట్టే నడుములు పోతయి. నేను పుట్టినకాడి నుంచి నేల మీద పండుకుంట. నాకేమైంది? బొంత పరుస్త, కింద పండుకో బిడ్డా."

చూడటానికి వచ్చిన వాళ్లందరూ అదే మాట. గట్టిగా ఉండాలి, చెక్క మీద పడుకో, దిండు తీసెయ్. నేను నేల మీదికి దిగాను.

దిగడం ఒక కష్టం. లేవడం అంతకు నాలుగింతలు. గచ్చు మీద పలచటి బొంత. వెల్లకిలా పడుకుంటే నడుము కింద ఖాళీ, అక్కడేదో సన్నని తీగ మీద వేలాడుతున్నట్టు. పక్కకు తిరిగితే తుంటి ఎముక నేలకు గుచ్చుకునేది. పొద్దున్నే అత్తమ్మ నా చంకల కింద చేతులేసి లేపేది. డెబ్బై దగ్గరికొచ్చిన మనిషి పళ్లు బిగించి నన్ను పైకి లాగేది. నేను అరిచేదాన్ని. "అయిపాయె, అయిపాయె బిడ్డా" అనేది. లేచి నిలబడ్డాక నా కాళ్లు వణికేవి, ఆమె చేతులూ వణికేవి.

పది రోజులు చూశాడు ప్రభుదాసు. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ట్రాలీ ఆటో ఇంటి ముందాగింది. ప్లాస్టిక్ కవరులో, మంచానికి సరిపోయే కొత్త పరుపు. అతను దాన్ని పాత దాని చోట పరిచి, అరచేయి పెట్టి నొక్కాడు. చేయి మణికట్టు దాకా దిగిపోయింది.

"సూడు రూతూ, చెయ్యి మొత్తం మునుగుతుంది. దుకాణంల గిన్ని పరుపులల్ల గిదే అన్నిటికన్న మెత్తగుంది. ఇగ నీకు ఆరాం."

అతని ముఖంలో అంత సంతోషం చాలా రోజులకు చూశాను. అత్తమ్మ మూతి ముడిచి బీడీల చాట ముందు కూర్చుంది. నేను దాని మీద పడుకోగానే తుంటికి, భుజానికి పోటు ఆగిపోయింది. కళ్లలో నీళ్లొచ్చాయి. "మంచిగుంది" అన్నాను. అబద్ధం కాదు.

మూడో రోజు పొద్దున అది అబద్ధమైంది. నిద్రలో నడుము గుంతలోకి జారినట్టు దిగిపోయేది. కాళ్లు, తల పైన, నడుము కింద. పక్కకు తిరగాలంటే ఆ మెత్తదనంలో ఆనుకోవడానికి ఏదీ దొరకదు. బావిలో ఈదినట్టు చేతులు కొట్టుకోవాలి. పొద్దున్నే కాలి తిమ్మిరి పిక్క దాటి తొడ దాకా ఉండేది.

"ఎట్లుంది?" అని అడిగేవాడు రోజూ టీ గ్లాసు ఇస్తూ.

"మంచిగనే ఉంది" అనేదాన్ని రోజూ.

ఎలా చెప్పను? నొప్పి చెప్తే మళ్లీ నేల. నేలంటే ఆ పొద్దుటి లేపుడు. పైగా అతను ఎంత మనసుపెట్టి తెచ్చాడో నాకు తెలుసు. తప్పు పరుపుది కాదు, నా రోగం ముదురుతోందని అనుకున్నాను. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం

చర్చికి పోవాలని అత్తమ్మ అప్పటికే తెల్ల చీర కట్టుకుని ఉంది. నేను కళ్లు తెరిచి తొడ గిల్లుకున్నాను. సరిగా తెలియలేదు. రెండో తొడ గిల్లుకున్నాను. అదీ అంతే. చేయి వెనక్కి పోనిచ్చి కూర్చునే చోట తడిమాను. అది నా ఒళ్లు కాదన్నట్టు ఉంది, మందంగా, ఎవరిదో అన్నట్టు.

అరవలేదు. మెల్లగా గోడ పట్టుకుని, మంచం అంచు పట్టుకుని, పాక్కుంటూ బాత్‌రూం దాకా పోయాను. కూర్చున్నాను. రాలేదు. పొత్తికడుపు నిండా ఉంది, రావడం లేదు. నల్లా విప్పి నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాను. రాలేదు. డాక్టరు చెప్పిన ఒక్కొక్క మాటా వరసగా చెవిలో వినబడింది.

అప్పుడు అరిచాను.

ప్రభుదాసు తలుపు తోసుకొచ్చాడు. "ఏమైంది? ఏమైంది?"

"కింద తెలుస్తలేదు నాకు. ఒంటికి వస్తలేదు."

అతను నా ముఖం చూసి బయటికి పరిగెత్తాడు. మా చర్చి పెద్దాయన కారు వచ్చింది. బొంత మీద పడుకోబెట్టి, నాలుగు కొసలూ పట్టుకుని కారు వెనక సీట్లో పెట్టారు. అత్తమ్మ నా తల తన ఒళ్లో పెట్టుకుంది. దారిలో నాకు కనబడింది కరెంటు తీగలు, అప్పుడప్పుడు చెట్టు కొమ్మలు, అత్తమ్మ గడ్డం. ఆమె పెదవులు ఆగకుండా కదులుతున్నాయి. "ప్రభువా, దాని కాళ్లు దానికియ్యి. దాని కాళ్లు దానికియ్యి." అదొక్కటే మాట, నిజామాబాద్ దాకా. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా ప్రభుదాసు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చేయి చాచి నా మోకాలు పట్టుకునేవాడు. ఆ పట్టు నాకు తెలుస్తోందా లేదా అని నేను లెక్క చూసుకుంటూ ఉన్నాను. తెలుస్తోంది అనిపించేది. వెంటనే, తెలుస్తోందని అనుకుంటున్నానేమో అనిపించేది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చూశాడు. పెద్ద డాక్టరుకు ఫోన్ చేశారు. మళ్లీ స్కాన్ అన్నారు. ఎవరూ ఏమీ చెప్పరు. తెల్ల తెర వెనక పడుకోబెట్టి, ఒక సిస్టర్ సూది మొనతో ఒళ్లు తాకుతూ, "తెలుస్తుందా? మొనా, మొద్దా?" అని అడిగింది. "మొన" అన్నాను. ఇంకోచోట తాకింది. "మొద్దు." ఇంకోచోట. "తెలుస్తుంది గని తక్కువ." నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆ సిస్టర్ నా చెవి దగ్గరికి వంగి, "అక్కా, ఒక్కసారి ప్రయత్నం చేద్దాం. నేను ఇక్కడనే ఉంట, ఎవ్వరిని రానియ్య" అంది. బెడ్‌పాన్ పెట్టి, నా చేయి పట్టుకుని, అటు తిరిగి నిలబడింది. ఎంతసేపో తెలియదు. ఆమె చేయి వదల్లేదు. రాగానే వేసిన నొప్పి సూది అప్పటికి పని చేసినట్టుంది, నడుము కాస్త సడలింది. అప్పుడు మొదలైంది. రేకు మీద పడ్డ ఆ చప్పుడు విని నేను బిగ్గరగా ఏడ్చాను. తెర అవతల అత్తమ్మ ఏమైందోనని తనూ ఏడవడం మొదలుపెట్టింది. సిస్టరే నవ్వుతూ తల బయట పెట్టి, "ఏం గాలేదు అవ్వా, వచ్చింది" అని చెప్పాల్సి వచ్చింది.

స్కాన్‌లో ముందున్నదే ఉంది, పెరగలేదు. డాక్టరు చాలాసేపు పరీక్షించి, తాను భయపడినది ఇది కాదని చెప్పాడు. నొప్పికి ఒళ్లంతా బిగుసుకుపోయిందనీ, దానికి భయం తోడైందనీ అన్నాడు. "అయినా వచ్చి మంచి పని చేశారు. మళ్లీ ఇట్లా అయినా ఆలోచించకుండా రావాలి" అన్నాడు. తర్వాత కాగితం మీద రాస్తూ రాస్తూ తలెత్తి అడిగాడు.

"దేని మీద పడుకుంటున్నారు?"

నా కన్నా ముందు ప్రభుదాసు చెప్పాడు. "కొత్త పరుపు సార్. మెత్తటిది. చెయ్యి మొత్తం మున్..."

మధ్యలో ఆగిపోయాడు. డాక్టరు ఏమీ అనకముందే అతనికి అర్థమైపోయింది.

బయట వరండాలో నా స్ట్రెచర్ పక్కన నిలబడి అడిగాడు. "ఎన్ని దినాల సంది నొస్తుంది దాని మీద?"

"మూడో దినం సంది."

"మరి దినాం మంచిగుంది అంటివి."

"నువ్వు గంత సంబురంగ తెచ్చినవ్."

అతను అటు తిరిగాడు. భుజాలు కదిలాయి. కాసేపటికి తిరిగి, తగ్గు గొంతుతో అన్నాడు. "నీ కాళ్లు పోయినంక నా సంబురం నేనేం చేసుకోవాలె రూతూ?"

ఇది చదివే వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. మీకోసం ఎవరైనా ప్రేమతో తెచ్చింది మీకు పడకపోతే ఆ రోజే చెప్పండి.

దుకాణాలు

వ్యాయామం నేర్పే నస్రీన్ అనే అమ్మాయి దగ్గరికి పంపాడు డాక్టరు. చిన్న వయసు, స్కార్ఫు కట్టుకుని చకచకా పని చేసేది. పరుపు మాట ఎత్తితే నవ్వింది.

"పరుపు మీ డిస్కును నయం చెయ్యది అక్కా. ఏ దుకాణంల ఎవ్వరు చెప్పినా నమ్మకున్రి. గని రాత్రి ఏడెనిమిది గంటలు నడుము వంకర పెడ్తే పొద్దున నేను సీదా చెయ్యలేను. పక్కకు పండుకుంటే మెడ నుంచి తోక దాక మీ వెన్ను ఒక గీత లెక్క ఉండాలె. వెల్లకిల పండుకుంటే నడుము కింద చెయ్యి జర కష్టంగ దూరాలె. సులువుగ దూరిందంటే గట్టిదెక్కువ. అసలే దూరలేదంటే మెత్తదెక్కువ. రెండు నిమిషాలు పండుకుని కొనకున్రి. పావుగంట పండుకోన్రి."

ఆమె చెప్పింది బాగానే ఉంది. కానీ దుకాణంలో పావుగంట పడుకోవాలంటే! బోధన్ టీచరమ్మ, చీర కట్టుకుని, రోడ్డు మీద పోయే వాళ్లందరికీ కనబడేలా పరుపు మీద పడుకోవాలి. మొదటి దుకాణంలో నేను అంచు మీద కూర్చుని లేచాను. అమ్మే అతను పరుపు మీది కాగితం చూపించి, "ఆర్థో అని రాసుంది మేడం, ఇంకేం చూసే పని లేదు" అన్నాడు. ప్రభుదాసు "పా" అని నన్ను బయటికి నడిపించాడు.

రెండో దుకాణంలో గల్లా దగ్గర ఒక ఆడమనిషి ఉంది. మరాఠీ యాసలో తెలుగు మాట్లాడేది. నేను మెట్టెక్కే తీరు చూసే ఆమెకు సంగతి తెలిసిపోయింది. లోపలికి తీసుకుపోయి, దుప్పట్లు ఆరేసే తాడు మీద ఒక దుప్పటి వేలాడదీసి చాటు చేసింది.

"సిగ్గు పడితే నడుము సంగతి తెల్వది అక్కా. నాకు గూడ గిదే తక్లీఫ్ అయింది. నిమ్మళంగ పండుకోన్రి, నేను బయట ఉంట" అంది.

ముందు కొబ్బరి పీచు పరుపు. పక్కకు తిరిగి పడుకున్నాను. ప్రభుదాసు నా వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోటారు షాఫ్టు వంగిందా లేదా అని చూసేటప్పుడు చేసినట్టు, ఒక కన్ను మూసి తల పరుపు మట్టానికి దించి నా వెన్ను వంక చూశాడు. ముప్పై ఏళ్లుగా వంకర పట్టే కన్ను అది.

"తుంటి పైకి లేచింది. నడుము కిందికి వంగుతుంది. కాదు" అన్నాడు.

తర్వాత మెత్తటిది. "గిది మనింట్లదాని అన్న. కాదు."

మూడోది కింద గట్టిగా, పైన రెండు వేళ్ల మందం మెత్తగా ఉంది. పడుకుంటే తుంటి కాస్త దిగింది, భుజం కాస్త దిగింది, అక్కడితో ఆగింది. కింద ఏదో నన్ను పట్టుకున్నట్టు ఉంది. అతను మళ్లీ వంగి ఒకసారి, ఇంకోసారి చూశాడు.

"ఏంది?" అన్నాను భయంగా.

"సీదా ఉన్నవ్" అన్నాడు. "మెడకాడి నుంచి సీదా ఉన్నవ్ రూతూ."

పావుగంట అయ్యాక కూడా నాకు ఒప్పుకోవడానికి భయం వేసింది. ముందు దాని మీద కూడా మొదటి రెండు రోజులు బాగానే ఉండింది కదా. ఆ మాటే చెప్పాను, ఈసారి దాచకుండా. దుకాణం ఆమె తల ఊపింది. "కవరు తియ్యకున్రి. మీద దుప్పటి ఏసుకుని నెల దినాలు పండుకోన్రి. నచ్చకుంటే వాపస్ తెండి, వేరేది తీస్కపోన్రి" అంది.

ఇంటికొచ్చాక ప్రభుదాసు మంచం చెక్కలు తీసి చూస్తే రెండు వంగి ఉన్నాయి. వాటిని మార్చి, మట్టం చూసి, అప్పుడు పరుపు వేశాడు. మంచం వంకరైతే మీద ఏ పరుపు వేసినా వంకరేనని అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. మెత్తటి దాన్ని నందిపేట్‌లో ఉండే మా ఆడపడుచు తీసుకుపోయింది. ఆమెకు ఏ నొప్పీ లేదు. హాయిగా పడుకుంటోంది.

చెరకు బండ్ల రోజులు

ఆ పరుపు మీద పడుకున్న మొదటి పొద్దున తిమ్మిరి మోకాలు దిగింది. నాలుగో పొద్దున మళ్లీ పైకొచ్చింది. ప్రభుదాసును లేపి చెప్పాను. నస్రీన్‌కు ఫోన్ చేస్తే, తగ్గే నొప్పి ఒకే తీరుగా తగ్గదనీ, వ్యాయామం ఆపొద్దనీ చెప్పింది. నెల గడిచింది. దుకాణానికి తిరిగి పోలేదు. కవరు తీసేశాం.

అందరూ అనుకున్నట్టు పరుపు వల్ల నేను బాగుపడలేదు. రోజూ చేసిన వ్యాయామం, నడక, సమయం, వీటితో బాగుపడ్డాను. పరుపు నాకు నిద్రనిచ్చింది. నిద్రపోయిన ఒంటికి మిగతావి చేసే ఓపిక వచ్చింది. చెరకు ట్రాక్టర్లు రోడ్డు నిండా పోయే రోజుల్లో, డిసెంబరు చివర, ప్రభుదాసు వేలి కింద నా బొటనవేలు నిలిచింది. అతను నొక్కాడు. అది దిగలేదు. "ఇంక నొక్కు" అన్నాను. నొక్కాడు. దిగలేదు.

కానీ భయం దిగలేదు. తుమ్మొస్తే గోడ పట్టుకుంటాను. స్కూటీ గుంతలో పడితే ఊపిరి బిగబడుతుంది. కళ్లు తెరవగానే చేయి దానంతటది తొడ మీదికి పోతుంది. నాకొక్కదానికే ఇలా ఉంటుందని అనుకునేదాన్ని.

మార్చి

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఒక రోజు ఎండలో ఇంటికొస్తే తలుపు దగ్గరగా వేసి ఉంది. అత్తమ్మ కూర్చునే చోట బీడీల చాట ఉంది, మనిషి లేదు. లోపలికి పోయి చూస్తే నా మంచం మీద, నా పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉంది. నిద్రపోలేదు. కళ్లు పెద్దవి చేసి పైకప్పు చూస్తోంది. నన్ను చూసి గభాలున లేవబోయింది. లేవలేకపోయింది.

"కోపానికి రాకు బిడ్డా. ఎట్లుంటదో జర సూద్దామని ఎక్కిన."

"కోపమెందుకు అత్తమ్మా? పండుకో."

"పొద్దు సంది గిట్లనే ఉన్న" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "లేస్తే పట్టేస్తదని భయమైతుంది. లేస్తలేను."

నేను వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. "ఎప్పటి సంది నొస్తుంది?"

పైకప్పు చూస్తూనే చెప్పింది. "మీ మామ ఉన్నప్పటి సంది."

మామయ్య పోయి పన్నెండేళ్లు. నన్ను చంకల కింద చేతులేసి లేపిన పొద్దులన్నీ నాకు కళ్ల ముందు తిరిగాయి.

"మరి నేల మీద మంచిగుంటదని నాకు చెప్తివి గద అత్తమ్మా?"

"నేల గట్టిది గద బిడ్డా. గందుకే నొస్తుందని అనుకోవచ్చు" అంది. "మెత్తగ పండుకుని గూడ నొస్తే, ఇగ రోగమే అని ఒప్పుకోవాలె."

నేను ఆమె తల కింద దిండు సర్దాను. ఆమే అడిగింది.

"పొద్దుగాల లేచే ముందుగాల నీకు గూడ భయమైతదా?"

"దినాం అయితది."

"నాకు గూడ" అంది. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు.

ప్రభుదాసుకు ఫోన్ చేసి, శనివారం అత్తమ్మను తీసుకుని నిజామాబాద్ పోవాలని చెప్పాను. "పరుపు కొననీకా?" అన్నాడు. "పరుపు తర్వాత. ముందుగాల డాక్టరుకు చూపెట్టాలె" అన్నాను. అత్తమ్మ వద్దనలేదు. వింటూ పడుకుంది.

తర్వాత చీర కొంగు నడుముకు దోపుకుని ఆమె ముందు నిలబడి చేయి అందించాను. నా వేళ్లను రెండు చేతులతో పట్టుకుంది. బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి కాయలు కాసిన చేతులు, చల్లగా ఉన్నాయి.

"ఇడువకు బిడ్డా" అంది.

"ఇడుస్తలేను" అన్నాను.